డ్యూటీ: బాకీలోంచి పుట్టిన మాట

"ఈ నెల ఎన్ని డ్యూటీలు పడ్డాయి?"

విశాఖపట్నంలో కర్మాగారాల పక్కనున్న గాజువాకలోనో మల్కాపురంలోనో నెలాఖరు రోజుల్లో టీకొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ ప్రశ్న చెవిన పడుతుంది. అడిగేవారూ జవాబు చెప్పేవారూ ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు. "ఇరవై నాలుగు పడ్డాయి. డబుల్ డ్యూటీలు రెండు కలుపుకుంటే ఇరవై ఆరు" అని అవతలి మనిషి వేళ్ల మీద లెక్క చెబుతాడు. నిఘంటువు పట్టుకుని ఈ మాటలకు అర్థం చెప్పబోతే కుదరదు. నిఘంటువులో డ్యూటీ అంటే కర్తవ్యం, విధి, ధర్మం, సుంకం అని ఉంటుంది. ఈ నెల ఎన్ని కర్తవ్యాలు పడ్డాయని ఎవరూ అడగరు. ఇక్కడ డ్యూటీ ఒక లెక్క. ఎనిమిది గంటల పని ఒకవైపు, దానికి రావలసిన రోజు కూలి ఇంకోవైపు, రెండూ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

ఇంగ్లీషు బాగా చదువుకున్నవారికి ఇది తప్పు వాడుకలా కనిపించవచ్చు. కానీ ఈ మాట పుట్టిన చోటుదాకా వెళ్లి చూస్తే గాజువాక టీకొట్టు దగ్గరి అర్థమే దాని పాత అర్థానికి చాలా దగ్గరగా ఉంది. దారిలో ఇంగ్లీషు పోగొట్టుకున్న ఒక సగాన్ని ఇక్కడి కార్మికుల వాడుక మళ్లీ పట్టుకుంది.

విశాఖపట్నంలో ఈ మాట ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఊరు పెరిగిన తీరులోనే ఉంది. 1933లో ఇక్కడ రేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల తయారీ యార్డుకు పునాది పడింది. ఆ కంపెనీ పేరు ఒక జంక్షన్ పేరై సిటీ బస్సుల బోర్డుల మీద ఇప్పటికీ తిరుగుతోంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగితే 1992లో జాతికి అంకితం చేశారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది, ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటికీ పెద్దాసుపత్రి అయిన కేజీహెచ్ ఇక్కడే ఉంది. ఇవన్నీ రాత్రి కూడా నిద్రపోని చోట్లు. ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లనే తీసుకుంటే, ఒకసారి వెలిగించాక వాటిని ఏళ్ల తరబడి చల్లారనివ్వరు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగుళ్లిస్తాయి. అందుకే దీపావళి రాత్రయినా, సంక్రాంతి పొద్దున్నయినా ఎవరో ఒకరు ఆ వేడి దగ్గర నిలబడి ఉండాల్సిందే. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని రోజును మూడు ముక్కలు చేసి ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కే ఈ బతుకులో, మనిషి వంతుకు వచ్చిన ముక్కకు ఒక పేరు కావాలి. ఆ పేరే డ్యూటీ.

మరి పని చేసే ప్రతివారూ ఈ మాట వాడతారా అంటే, లేదు. ఇదే ఊళ్లో జాలరిపేట మనిషి వేటకెళ్లాడంటారు, డ్యూటీకెళ్లాడనరు. పూర్ణా మార్కెట్లో సొంత కొట్టు ఉన్నాయన కొట్టుకెళ్లానంటాడు. ఆనందపురం వైపు పూలు, కూరగాయలు పండించే రైతు పొలానికి వెళ్తాడు. వీళ్లెవరూ తక్కువ గంటలు పనిచేసేవారు కాదు. వేటకు వెళ్లిన పడవ రోజుల తరబడి సముద్రం మీదే ఉంటుంది. అయినా వాళ్ల పని డ్యూటీ అనిపించుకోలేదు, ఎందుకంటే పొద్దు గూకాక వాళ్లకు బాకీపడిన మనిషి అవతల లేడు. సముద్రం ఇస్తే ఇచ్చింది, లేకపోతే లేదు. అదే కొట్లో జీతానికి కుదిరిన కుర్రాడు మాత్రం "తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కాలి" అంటాడు. పనికీ కూలికీ మధ్య లెక్క ఉన్నచోటే ఈ మాట నిలబడుతోంది. ఈ తేడాను ఎవరూ ఎవరికీ నేర్పలేదు. జనం వాడుక తనంతట తాను గీసుకున్న గీత ఇది, చాలా సరైన గీత.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. షిఫ్టులో ఉన్న భర్తకు తెల్లవారుజామున నాలుగింటికి లేచి క్యారేజీ కట్టే ఇల్లాలి పనిని ఎవరూ డ్యూటీ అనరు. ఆమె కూడా ఎప్పుడో విసిగినప్పుడు "నా డ్యూటీకి దిగడమనేది లేదు" అని పోలిక తెచ్చి అంటుందే తప్ప, మామూలుగా ఆ మాటను తన పనికి వాడుకోదు. ఆమెకు ఎవరూ బాకీ లేరని లోకం అనుకున్నంతకాలం ఆ మాట ఆమె దగ్గరికి రాదు.

ఈ మాట పక్కన తెలుగువారు చేర్చిన క్రియలు చూడాలి. ఇంగ్లీషులో డ్యూటీ మీద ఉంటారు, డ్యూటీకి హాజరవుతారు. తెలుగులో డ్యూటీ ఎక్కుతారు, దిగుతారు. "మీ ఆయన డ్యూటీ దిగేడా అమ్మా?" అని పక్కింటావిడ అడుగుతుంది. బండి ఎక్కడం, ఓడ దిగడం అన్నట్టే ఇది. బండి మన కోసం పుట్టదు, మనం దిగాక ఆగిపోదు. అది నడుస్తూనే ఉంటుంది, మనం మధ్యలో ఎక్కి మధ్యలో దిగిపోతాం. కొలిమి చల్లారని ఊళ్లో పనిని బండితో పోల్చడం ఎంత సహజమో ఆలోచిస్తే తెలుస్తుంది. రాత్రి నిద్రపోకుండా ఏడ్చే పసిపిల్లను చూసి "ఇది నైట్ డ్యూటీ ఎక్కింది" అని తల్లులు నవ్వుకుంటారు. అక్కడిదాకా వెళ్లింది ఆ క్రియ.

'పడడం' ఇంకా లోతైనది. "ఎలక్షన్ డ్యూటీ పడింది" అని టీచరు అంటే అది జరిమానా పడినట్టు, వంతు పడినట్టు. పైనుంచి వచ్చి మీద పడింది. "ఇరవై ఆరు డ్యూటీలు పడ్డాయి" అని కార్మికుడు అంటే అది మస్తరు, అంటే హాజరు, పడినట్టు, జీతం పడినట్టు; తన ఖాతాలో చేరింది. ఒకే నామం, ఒకే క్రియ. ఒకచోట మనిషి అచ్చుకోవలసింది, ఇంకోచోట మనిషికి రావలసింది. డ్యూటీ పడితేనే డబ్బులు పడతాయి. వాడుకలో ఇంత అమరిక ఏ పండితుడూ కూర్చుని చేయగలిగేది కాదు.

ఇప్పుడు మాట పుట్టుక. ఇంగ్లీషులో ఇది 14వ శతాబ్దం నాటికి వాడుకలో ఉంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కోర్టుల్లో, కచేరీల్లో నడిచిన ఫ్రెంచి యాసలో 'ద్యూతే' అనే రూపం ఉండేది. దాని మొదట్లో ఉన్నది 'చెల్లించవలసిన' అనే అర్థమిచ్చే పాత ఫ్రెంచి మాట. దాని వెనక లాటిన్ క్రియ 'దేబేరె' ఉంది, అంటే బాకీపడి ఉండడం. ఆ లాటిన్ మాటను ఇంకా విప్పితే 'దే', 'హబేరె' అని రెండు ముక్కలు వస్తాయి. ఇంకొకరి దగ్గరి నుంచి వచ్చినదాన్ని తన దగ్గర పెట్టుకుని ఉండడం అని దాని భావం. పక్కవాడి వస్తువు మన ఇంట్లో ఉంది, అది ఎప్పటికైనా అతనికి చేరాలి. డ్యూటీ అనే మాటకు అడుగున ఉన్న బొమ్మ ఇదే.

ఈ లాటిన్ క్రియ పిల్లలు మన రోజువారీ బతుకులో చాలామందే ఉన్నారు. బండి లోనుకు నెలనెలా కట్టే 'డ్యూ' దాని బిడ్డే. ఉద్యోగం మానేసేటప్పుడు ఆఫీసులో అడిగే 'నో డ్యూస్' కాగితంలోనూ అదే ఉంది. బ్యాంకు 'డెబిట్' కార్డు, కంపెనీలు అమ్మే 'డిబెంచర్' ఇదే కుటుంబం. అప్పును చెప్పే 'డెట్' అనే మాటలో పలకని 'బి' అక్షరం ఒకటి ఉంటుంది. పూర్వం ఆ అక్షరం లేకుండానే రాసేవారు, లాటిన్ మూలం కనిపించాలని పండితులు తర్వాత చేర్చారు. స్పెల్లింగు పరీక్షల్లో పిల్లలను తిప్పలు పెట్టే ఆ అక్షరం బాకీ చరిత్రకు మిగిలిన గుర్తు. గట్టి ప్రయత్నం అని చెప్పే 'ఎండెవర్' కూడా వీళ్ల చుట్టమే. ఒక పనిని తన బాధ్యతగా నెత్తిన వేసుకోవడం అనే ఫ్రెంచి పలుకుబడిలోంచి అది వచ్చింది.

అన్నిటికంటే విలువైన సాక్ష్యం విలియం టిండేల్ బైబిలు అనువాదంలో దొరుకుతుంది. ఆయన కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చి 1526లో అచ్చు వేయించాడు. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. యజమాని కొందరిని తెల్లవారగానే, కొందరిని మధ్యాహ్నం, కొందరిని పొద్దుగూకడానికి గంట ముందు పనిలో పెట్టుకుంటాడు. సాయంత్రం అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దుటి నుంచి ఎండలో కష్టపడ్డవాళ్లు సణుగుతారు. అప్పుడు యజమాని ఒకడితో, నీది నువ్వు తీసుకుని వెళ్లు అంటాడు. ఆ 'నీది' అన్నచోట టిండేల్ రాసిన మాట డ్యూటీ. నీ డ్యూటీ నువ్వు తీసుకుని వెళ్లు. అంటే ఇక్కడ డ్యూటీ కూలి చేయవలసిన పని కాదు, కూలికి రావలసిన డబ్బు. 1611లో రాజు జేమ్స్ పేర వచ్చిన అనువాదంలో ఈ మాట తీసేసి 'నీది' అని మాత్రమే ఉంచారు. గంటల లెక్క, కూలి లెక్క, ఎవరికి ఎంత పడాలనే తగాదా, మూడూ ఉన్న ఈ కథలోనే ఆ పాత అర్థం కనబడడం ఆశ్చర్యంగా ఉంటుంది. విశాఖలో ఏ లేబరు కాంట్రాక్టరు గుమ్మం ముందైనా ఇదే కథ వేరే పేర్లతో నడుస్తుంది.

అంటే మొదట్లో డ్యూటీకి రెండు ముఖాలున్నాయి. నేను ఇవ్వవలసింది, నాకు రావలసింది. అప్పుకు ఎప్పుడూ రెండు చివరలుంటాయి కనుక అప్పులోంచి పుట్టిన మాటకూ ఉన్నాయి. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషు ఒక చివరను వదిలేసింది. నేను ఇవ్వవలసింది అనే అర్థం ఒక్కటే పెరిగి పెద్దదై నీతిగా, దేశభక్తిగా, క్రమశిక్షణగా మారింది.

ఆ మార్పు ఎంత గట్టిగా జరిగిందో చెప్పడానికి నేవీ ఊరైన విశాఖకు బాగా అర్థమయ్యే ఒక ఘట్టం ఉంది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధం మొదలయ్యే ముందు అడ్మిరల్ నెల్సన్ తన ఓడలన్నిటికీ జెండాలతో ఒక సందేశం పంపించాడు. ప్రతి మనిషీ తన డ్యూటీ చేస్తాడని ఇంగ్లండు ఎదురుచూస్తోందని దాని సారం. ఆ రోజుల్లో ఓడల మధ్య మాటలకు జెండాల సంకేత పుస్తకం ఉండేది. ఒక్కో మాటకు ఒక్కో అంకె, ఆ అంకెకు జెండాలు. చిత్రమేమిటంటే డ్యూటీ అనే మాట ఆ పుస్తకంలో లేదు. సందేశంలో మిగిలిన మాటలన్నీ ఒక్కో విడతలో ఎగిరితే, ఆ ఒక్క మాటనూ నాలుగు అక్షరాలు విడివిడిగా నాలుగుసార్లు జెండాలెత్తి చెప్పాల్సి వచ్చింది. ఆ యుద్ధంలోనే ప్రాణం విడుస్తూ, దేవుడి దయవల్ల నా డ్యూటీ చేశానని ఆయన అన్నట్టు రాశారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో డ్యూటీకి వచ్చిన గంభీరమైన రంగు చాలావరకు ఇటువంటి ఘట్టాలనుంచి వచ్చింది.

కానీ దానికి ఎనిమిదేళ్ల ముందు, 1797లో అదే నౌకాదళం నావికులు ఇంగ్లండు తీరంలోని స్పిట్‌హెడ్‌లో లంగరు ఎత్తబోమని మొండికేశారు. వాళ్ల ముఖ్యమైన ఫిర్యాదు జీతం. మామూలు నావికుడి జీతం 1650ల తర్వాత పెరగనే లేదు, అంటే దాదాపు 140 ఏళ్లు. డ్యూటీ రెండో చివరను వాళ్లు గుర్తు చేశారు. చరిత్ర పుస్తకాలు నెల్సన్ జెండాలకు ఇచ్చినంత చోటు ఆ జీతం గొడవకు ఇవ్వలేదు.

తెలుగు దగ్గరికి వద్దాం. కర్తవ్యాన్ని అప్పుగా చూడడం మనకు కొత్త కాదు. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అని మూడు అప్పులతో మనిషి పుడతాడని మన పెద్దలు చెప్పారు. తల్లి ఋణం తీర్చుకోలేం అంటాం. కలిసిన మనుషులను ఋణానుబంధం కలిపిందంటాం. ఈ నేల మీద పడ్డాక డ్యూటీ అనే మాట పరాయిదిగా అనిపించకపోవడానికి ఈ పాత భావన కూడా ఒక కారణం కావచ్చు.

వ్యాకరణంలో మాత్రం రెండు భాషల దారులు వేరు. ఇంగ్లీషులో 'చేయాలి' అని చెప్పే రెండు మాటలు, 'ఆట్', 'షుడ్', మొదట్లో బాకీని చెప్పినవే. ఒకటి అప్పుపడడం అనే క్రియకు భూతకాల రూపం, రెండోది కూడా అప్పుపడి ఉండడం అనే పాత అర్థంలోంచి వచ్చింది. తెలుగులో 'చేయాలి' అన్నది 'చేయవలెను' నుంచి వచ్చింది. అందులో ఉన్నది 'వలయు', అంటే కావడం, అవసరపడడం. ఇంగ్లీషువాడు బాకీ ఉన్నాడు కనుక చేస్తాడు, తెలుగువాడు కావలసి ఉంది కనుక చేస్తాడు.

అయితే విధి, కర్తవ్యం, బాధ్యత ఉండగా డ్యూటీ ఎందుకు నిలిచింది? ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షిస్తే తెలుస్తుంది. విధి అంటే నియమించినది. పత్రికల్లో "విధి నిర్వహణలో" అని రాస్తాం, నోటితో మాత్రం విధి అంటే తలరాతే. "విధికి వెళ్తున్నాను" అని ఇంట్లో చెబితే వినేవాళ్లు కంగారుపడతారు. కర్తవ్యం అంటే చేయదగినది. అది సభల్లో, స్వాతంత్ర్య దినోత్సవ ఉపన్యాసాల్లో బాగుంటుంది, దానికి గంటలు లేవు. బాధ్యతలో 'బాధ' అనే ధాతువే ఉంది, కట్టుబడి ఉండవలసిన ఒత్తిడి అది, రాత్రి పదింటికి మొదలై పొద్దున్న ఆరింటికి తీరేది కాదు. పిల్లల చదువు బాధ్యత, తల్లిదండ్రుల వైద్యం బాధ్యత. అవి భుజం మీంచి దిగవు. గడియారంతో మొదలై గడియారంతో ముగిసే పనికి మన దగ్గర తయారుగా ఒక మాట లేదు. వంతు ఉంది, కానీ అది ఎవరి తర్వాత ఎవరన్నదే చెబుతుంది. ఆ ఖాళీలోకి డ్యూటీ వచ్చి కూర్చుంది. దాన్ని వెళ్లగొట్టి విధి అనో కర్తవ్యమనో పెట్టాలనుకోవడం అనవసరమైన శ్రమ. ప్రతి మాటకూ దాని చోటు ఉంది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణాన్ని 'ప్రాథమిక విధులు' అని చెప్పుకుంటాం, ప్రాథమిక డ్యూటీలు అనం. అదీ సరైనదే.

ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. బ్రిటన్‌లో, అమెరికాలో పోలీసు, నర్సు, సైనికుడు, కాపలాదారు వంటివారే డ్యూటీలో ఉన్నారంటారు. ఆఫీసు గుమాస్తాకు ఆ మాట అంతగా వాడరు, పనికి వెళ్లాడంటారు. మన దగ్గర ఏ ఉద్యోగి అయినా డ్యూటీకే వెళ్తాడు. కేజీహెచ్ క్యాజువాలిటీ దగ్గర "డ్యూటీ డాక్టరు గారు ఉన్నారా" అని అడిగే మనిషికి ఆ మాట ప్రాణం నిలబెట్టే మనిషి పేరు. ఆఫీసుల్లో 'ఓడీ (ఆన్ డ్యూటీ) పెట్టాడు' అంటే వేరే చోట అధికారిక పని మీద ఉన్నాడని. ఈ వాడుకలు భారతీయ ఇంగ్లీషులో సొంతంగా పెరిగినవి, బయటివారితో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేటప్పుడు తేడా తెలిసి ఉంటే చాలు.

రేవులో ఈ మాటకు ఇంకో ముఖం ఉంది. క్లియరింగ్ ఏజెంటు "డ్యూటీ కట్టేశాం, సరుకు విడిపించుకోవాలి" అంటాడు. ఇది కస్టమ్స్ సుంకం. 1962 నాటి కస్టమ్స్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం దిగుమతి, ఎగుమతి సరుకుల మీద వేసేది. ఇల్లు రిజిస్ట్రేషనుకు కట్టే స్టాంపు డ్యూటీ కూడా ఇదే తెగ. రాజుకు చెల్లించవలసిన బాకీ అనే అర్థంలో ఇంగ్లండులో ఎప్పటినుంచో ఈ వాడుక ఉంది. మన ఏజెంటు వాడిన 'విడిపించుకోవడం' గమనించదగినది. తాకట్టు పెట్టిన నగను విడిపించుకుంటాం, వేలం కాకుండా పొలాన్ని విడిపించుకుంటాం. బాకీ తీరేవరకూ వస్తువు అవతలివాడి చేతిలో ఉంటుందన్న ఆ పాత లాటిన్ బొమ్మ విశాఖ రేవులో తెలుగు క్రియలో మళ్లీ కనబడుతోంది. కస్టమ్స్ అన్న మాట కూడా ఆచారంగా కట్టేది అనే అర్థంలోంచే పన్నుగా మారింది. ఆచారంగా నడిచేది అనే అర్థమున్న అరబ్బీ మాట మన దగ్గర 'మామూలు' అయి, చేతులు తడిపే డబ్బుకు పేరైంది. రెండూ ఒకే దారిలో బయల్దేరి ఒకటి చట్టంలోకి, ఒకటి చట్టం బయటికి చేరాయి.

తెలుగులో సుంకం సంస్కృత 'శుల్కం' నుంచి వచ్చింది. సుంకర అనే ఇంటిపేరు ఆ వసూలుదారుల గుర్తు. ఈ తీరంలో సుంకం గురించి చెప్పుకునేటప్పుడు బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనాన్ని మరువకూడదు. అంతకుముందు రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును బలవంతంగా లాక్కునేవారు. ఇకమీదట అలా జరగదనీ, ఖాయం చేసిన సుంకం మాత్రమే తీసుకుంటామనీ, అది ముప్పయ్యో వంతనీ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం ఇచ్చేవాడికి ఒక హద్దు, పుచ్చుకునేవాడికి ఒక హద్దు. బాకీ ఎంతో రాతి మీద చెక్కి ఉంటే ఇవతలివాడు ధైర్యంగా ఓడ తెస్తాడని ఆ రాజుకు తెలుసు.

యంత్రాలకూ డ్యూటీ ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో నీళ్లు తోడే ఆవిరి యంత్రాల సామర్థ్యాన్ని 'డ్యూటీ' అనే కొలతతో చెప్పేవారు. ఒక బుషెల్ బొగ్గు తగలేస్తే ఎన్ని పౌండ్ల నీటిని ఒక అడుగు ఎత్తుకు తోడిందనేది లెక్క. మన సాగునీటి ఇంజనీర్లు ఒక క్యూసెక్కు నీరు ఎన్ని ఎకరాలను పండిస్తుందో చెప్పడానికి ఈ మాటే వాడతారు. బొగ్గుకు ఇంత పని, నీటికి ఇంత పంట; పెట్టినదానికీ వచ్చినదానికీ లెక్క ఇక్కడా ఉంది. 'హెవీ డ్యూటీ' అని మిక్సీల మీద, మోటార్ల మీద రాసేది ఎంత గట్టి పనికి నిలబడగలదో చెప్పడానికే.

ఓడల యార్డులో వెల్డరుకు బాగా తెలిసినది 'డ్యూటీ సైకిల్'. వెల్డింగ్ మెషీను మీద 60 శాతం అని ఉంటే, ఆ కరెంటు మీద 10 నిమిషాల్లో 6 నిమిషాలు వెల్డింగ్ చేయవచ్చు, 4 నిమిషాలు దాన్ని చల్లారనివ్వాలి. లేకపోతే లోపలి చుట్లు కాలిపోతాయి. తయారుచేసినవారు మెషీను ఒంటి మీదే దాని విశ్రాంతిని రాసిపెట్టారు. దాన్ని పట్టుకున్న మనిషికి కూడా అటువంటి రాత ఉండాలని ఎంతోమంది పోరాడితేనే చట్టాలు వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని హద్దు పెట్టి, దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలంది. చట్టాలు మారుతూ వస్తున్నాయి, హద్దు ఎక్కడ ఉండాలనే వాదన మాత్రం ఆగలేదు. డబుల్ డ్యూటీ అన్న మాటలో ఆ రెండో డ్యూటీకి రెట్టింపు పడిందా, మామూలు కూలే పడిందా అన్న ప్రశ్న ఎప్పుడూ దాగి ఉంటుంది.

ఈ ఊరిని ఊపేసిన నినాదంలో డ్యూటీ లేదు, హక్కు ఉంది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్నప్పుడు, ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయినప్పుడు, ఆ హక్కు అనే అరబ్బీ మాటకు సత్యం అనీ, న్యాయంగా రావలసినది అనీ అర్థాలున్నాయి. రావలసినది అన్న అర్థంలో అది టిండేల్ కాలపు డ్యూటీకి తోబుట్టువు. పౌరశాస్త్రం పుస్తకంలో హక్కులు ఒక పాఠం, విధులు ఇంకో పాఠం. మాటల చరిత్రలో అవి ఒకే అప్పుకు రెండు చివరలు. హక్కుగా వచ్చిన కర్మాగారంలో డ్యూటీ ఎక్కినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

తెలుగులో బాకీ తీరుతుంది, పని తీరుతుంది, ఆ తీరడంలోంచే 'తీరిక' వచ్చింది. డ్యూటీ దిగిన మనిషికి దొరకవలసింది అదే. అది దొరకాలంటే అవతలివైపు లెక్క కూడా తీరాలి. కాంట్రాక్టు కార్మికుడు 'డ్యూటీ చేశాను' అనడానికీ 'డ్యూటీ పడింది' అనడానికీ మధ్య ఎంత దూరముందో అతనికే తెలుసు. మొదటిది అతని చేతిలో ఉంది, రెండోది సూపర్‌వైజరు పుస్తకంలో ఉంది. అందుకే ఇలాంటి ఇళ్లలో గోడ క్యాలెండరు మీద తేదీల పక్కన పెన్నుతో చిన్న చిన్న టిక్కులు కనబడతాయి. రాత్రి డ్యూటీ చేసిన తేదీకి ఒక టిక్కు, డబుల్ చేసిన తేదీకి రెండు. నెల కాగితం చింపే ముందు ఇంట్లో ఎవరో ఒకరు వాటిని వేలితో లెక్కపెడతారు.